ఉచితం అన్నావు, మరి ఈ డాలర్ ఎందుకు?

హనుమకొండ,
ఆదివారం పొద్దున

ఒరే కాజీపేట ప్యాసింజర్,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, కానీ మనసులో తిట్టుకో, పక్కన పిల్లలు ఉంటారు. ఈసారి ఆలస్యంగా నడిచిన బండి నేనే కాబట్టి ఈ ఉత్తరం అయిపోయేదాకా నీ బిరుదు నాకు అప్పివ్వు.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, అయినా శాకంబరి అలంకారం చూడాలని భద్రకాళి గుడికి వెళ్లి గంటన్నర వరుసలో నిలబడి వచ్చింది. చెల్లికి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది. నా జుట్టు గురించి అడగకు.

ఇక అసలు సంగతి. వారం రోజులుగా ఎవరికైనా చెప్పకపోతే పగిలిపోయేలా ఉన్నాను, చెబితే అర్థం చేసుకునేవాడివి నువ్వొక్కడివే.

మా వెనక వీధిలో తెలుగు సారు గుర్తున్నారు కదా? వాళ్లింట్లో పెద్దమ్మ సంక్రాంతికి మనకు సకినాలు పెట్టేవారు, నువ్వు లెక్కపెట్టి మరీ జేబులో వేసుకునేవాడివి. ఆమె పోయి మూడేళ్లు. ఊరూరా తిరిగి ఆమె సేకరించిన బతుకమ్మ పాటలను సారు ఎప్పుడో చిన్న పుస్తకంగా అచ్చు వేయించారు. ఇప్పుడు మిగిలింది ఒక్కటే ప్రతి, అదీ అంచులు పొడి రాలుతోంది. ‘దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే మార్గం చెప్పు, మళ్లీ అంతా టైపు చేసే ఓపిక లేదు’ అన్నారు. ఆయన లాప్‌టాప్‌లో ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నేనే వేసి ఇచ్చాను. దాని పేరు పక్కన 24.04 ఏమిటని అప్పుడు అడిగితే 2024 ఏప్రిల్‌లో వచ్చిందని అర్థం అన్నాను. ‘అయితే తిథి వేసి పంపారన్నమాట’ అని సంతోషించారు.

అచ్చు పేజీ బొమ్మను చదివి అక్షరాలుగా మార్చే టెసరాక్ట్ అనే ప్రోగ్రాం ఉందని నీకు చెప్పనక్కర్లేదు. నేను కూర్చుంటే అయిదు నిమిషాల పని. కానీ సారు ఒప్పుకోలేదు. ‘నువ్వు చేసి పోతావు, రేపు పాడైతే నేను ఎవరిని అడగాలి? కాగితం మీద రాసివ్వు, నేనే చేస్తాను. నువ్వు పక్కన కూర్చో. మాట్లాడితే బెంచీ ఎక్కిస్తాను.’

సరే, తెలుగులో రెండు పేజీలు రాశాను. రాసి నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. ఇంగ్లిషు సూచనలతో జనం పడే అవస్థ తీర్చేశానని గర్వం కూడా! ఆ గర్వం బతికింది సరిగ్గా సారు కళ్లజోడు పెట్టుకునేదాకా.

మొదటి పేరా నిండా చరిత్ర. టెసరాక్ట్ 1985లో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో మొదలైందని, 2005లో దాని మూల కోడ్ అందరికీ తెరిచారని, ఆ తర్వాత గూగుల్ ఆదరించిందని. సారు ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. ‘మందు చీటీలో వైద్యుడి వంశవృక్షం ఎందుకు?’

తర్వాతి వరుసలో టెసరాక్ట్‌ను ఎక్కించే కమాండ్, అంటే కంప్యూటర్‌కు టైపు చేసి ఇచ్చే ఆజ్ఞ. ఇది కమాండ్ అని తెలియడానికి మనం అలవాటుగా ముందు డాలర్ గుర్తు పెడతాం కదా, దాన్ని టైపు చేయకూడదు, నేనూ పెట్టాను. ఆయన దాన్నీ టైపు చేశారు. అలాంటి కమాండ్ లేదని తెర మొరాయించింది. ‘ఉచితం అన్నావు, మరి ఈ డాలర్ ఎందుకు?’ అంటూ నా వైపు చూశారు. నేను నోరు విప్పకూడదు కదా. నా మౌనం చూసి దాన్ని తీసేసి మళ్లీ కొట్టారు.

ఇప్పుడు అసలు వినోదం. సారు కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు అక్షరాల అమరికలో ఉంది, ఆయన వేళ్లు అందులో మహా వేగం. కాగితంలో ఉన్నట్టే, కమాండ్‌ను పూర్తి అధికారంతో నడిపించే సుడో (sudo) అనే నాలుగు ఇంగ్లిషు అక్షరాలు కొట్టారు. తెర మీద ఏమి వచ్చిందో ఊహించు. ముందు ఒక ఏత్వం, ఏ హల్లూ లేకుండా గాల్లో వేలాడుతూ! దాని వెనకే హకారం, కింద ద వత్తు. సారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. ‘హల్లు లేని ఏత్వం ఏ వ్యాకరణంలో ఉందయ్యా?’ కీబోర్డును ఇంగ్లిషుకు మార్చమని నా కాగితంలో ఉంది రా. నిజంగా ఉంది. కానీ ఆ కమాండ్ తర్వాత రెండు వరుసలు కిందికి. ఆయన పైనుంచి కిందికి, ఒక్కో వరుసా చేస్తూ చదువుతున్నారు. నేనేమో అందరూ మొత్తం చదివాకే మొదలుపెడతారని అనుకున్నాను.

పాస్‌వర్డ్ దగ్గర ఇంకా ఘోరం. ఆయన కొడుతున్నారు, తెర మీద ఏమీ కదలదు, కనీసం చుక్కలు కూడా లేవు. మనకు అది మామూలు. ఆయనకేమో మీటలు పనిచేయడం లేదన్న అనుమానం. గట్టిగా నొక్కారు. ఒక్కో అక్షరం రెండేసి సార్లు నొక్కారు. మూడు సార్లు తప్పయ్యేసరికి సుడో తలుపు వేసేసుకుంది. ఆ క్షణంలో ఆయన ముఖం... ముప్పయ్యేళ్లు పాఠం చెప్పిన మనిషి, తనకే ఏదో రాదన్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. నాకు నవ్వు ఆగిపోయింది. ‘కొట్టేది కనిపించదు, కొట్టి ఎంటర్ నొక్కండి’ అన్న ఒక్క వాక్యం లేనందుకు ఇదంతా.

అప్పుడు బెంచీ ఎక్కడానికి సిద్ధపడి చెప్పేశాను.

తర్వాత, కొనసాగించాలా అని అడిగే చోట వై పెద్దగా, ఎన్ చిన్నగా ఎందుకుందని అడిగారు. మన లిపిలో చిన్నా పెద్దా లేవు కాబట్టి ఆయన కంటికి అది ఆనింది. పెద్ద అక్షరం ఉన్నది ఊరికే ఎంటర్ నొక్కితే వర్తించే జవాబని ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నువ్వు చెప్పావా?

చివరికి మొదటి పేజీ చదివించాం. టెసరాక్ట్ పని ముగించి చడీచప్పుడు లేకుండా ఊరుకుంది. అది గెలిచిందో ఓడిందో ఆయనకు ఎలా తెలుస్తుంది? ఫైలు తెరిచి చూపించాను. ప ఉన్న కొన్ని చోట్ల వ పడింది కానీ పాట పాటలాగే ఉంది. సారు పైకి చదవడం మొదలుపెట్టి మూడో చరణం దగ్గర ఆగి, నీళ్లు తాగి వస్తానని లోపలికి వెళ్లారు. చాలాసేపు రాలేదు.

వచ్చాక నా కాగితాలు దిద్ది ఇచ్చారు. ‘కేవలం’ అన్న మాట చుట్టూ పదకొండు ఎర్ర సున్నాలు. కేవలం ఈ కమాండ్ ఇవ్వండి, కేవలం ఎంటర్ నొక్కండి... పక్కన ఆయన దస్తూరి: ‘నీకు కేవలం. నాకు?’

ఆ రాత్రే తిరగరాశాను. కీబోర్డు సంగతి అన్నిటికంటే ముందుకు వచ్చింది. ప్రతి కమాండ్ కింద తెర మీద ఏమి కనిపించాలో, ఏమీ కనిపించకపోతే అది మంచికో చెడుకో రాశాను. రెండు పేజీలు అయిదయ్యాయి. చిన్నగా ఉంటేనే సులువు అని మనం ఎక్కడ నేర్చుకున్నామో తెలియదు. జిరాక్స్ షాపు కుర్రవాడికి ఇచ్చి, మళ్లీ నోరు మూసుకుని కూర్చున్నాను. వాడు రెండే చోట్ల ఆగాడు. ఆ రెండూ...

సరే, అవి తర్వాత. నీ ప్రాజెక్టు సూచనలు కూడా చూశాను. ‘అవసరమైనవన్నీ ఇప్పటికే ఉన్నాయని భావిస్తున్నాం’ అట! హాస్టల్లో నా డిస్క్ మొత్తం తుడిచేసే ముందు నువ్వన్న ‘ఏమీ కాదులే’ గుర్తొచ్చింది. నీ సూచనల కాగితం తీసుకెళ్లి మీ మామగారి ముందు పెట్టి, గంటసేపు మాట్లాడకుండా కూర్చో. కూలర్ గొడవ తర్వాత మీరిద్దరూ ఎలాగూ మాట్లాడుకోవడం లేదు కదా.

అయ్యో, సారు గేటు తీస్తున్నారు. పదిన్నరకు వస్తానన్నారు, ఇంకా పది కూడా కాలేదు. 37వ పేజీలో రెండు వరసల పాటలు కలగాపులగంగా వచ్చాయట, అది నా కాగితం తప్పో టెసరాక్ట్ తప్పో చూడాలి. జిరాక్స్ కుర్రవాడి సంగతి వచ్చే

నీ
లేటు బండి