శనివారం సిగ్నల్ టైం కొలుద్దాం, రండి

అందరికీ నమస్కారం.

ఈ శనివారం సాయంత్రం 5:30కి మద్దిలపాలెం జంక్షన్ దగ్గర కలుద్దాం. గంట పని, అంతే.

నిన్న రైతు బజార్ నుంచి వస్తుంటే ఒక మామ్మగారు రెండు చేతుల్లో సంచులతో రోడ్డు మధ్యలో ఉండగానే లైటు మారిపోయింది. రెండు వైపులా హారన్లు. ఆవిడ చెయ్యి పట్టుకుంటే వణుకుతోంది.

లెక్క చూడండి. మామూలుగా సెకనుకు 1.2 మీటర్లు నడుస్తారని టైం పెడతారు. 24 మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు. పెద్దవాళ్లు 0.9 మీటర్లే నడిస్తే దాదాపు 27 కావాలి.

అలాగని వినతిపత్రంలో సిగ్నల్ సైకిల్ (అన్ని వైపుల లైట్లూ ఒక చుట్టు తిరిగే టైం) మొత్తం పొడిగించమని అడగొద్దు. రెడ్ ఎక్కువసేపు ఉంటే జనం ఆగలేక అడ్డంగా దాటేస్తారు, పక్క రోడ్డులో బళ్లు పేరుకుపోతాయి. ఆ చుట్టులోనే నడిచేవాళ్ల గ్రీన్ వాటా పెంచమని అడుగుదాం.

ఇద్దరిద్దరు ఒక్కో వైపు నిలబడి, ఫోన్ స్టాప్‌వాచ్‌తో నడిచేవాళ్ల గ్రీన్ ఎన్ని సెకన్లో, దాటడానికి ఎంత పట్టిందో రాయాలి. ఆ కాగితం వినతిపత్రంతో జతచేస్తాం.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి. పెన్ను, నీళ్ల సీసా మర్చిపోకండి. ఫుట్‌పాత్ దిగి కొలవొద్దు, ప్లీజ్.