ఆదివారం సూపర్ బౌల్, అందరూ మా ఇంటికే

అందరికీ నమస్కారం!

ఈ ఆదివారం, 2025 ఫిబ్రవరి 9న, న్యూ ఆర్లీన్స్‌లో మన ఫిలడెల్ఫియా ఈగల్స్‌కీ కాన్సాస్ సిటీ చీఫ్స్‌కీ సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్. ఆట 6:30కి మొదలు. మీరు మాత్రం 5:30కల్లా వచ్చేయండి, గాయకుడు జాన్ బాటిస్ట్ జాతీయగీతం పాడేది ఆటకి ముందే.

2023లో ఇదే చీఫ్స్ చేతిలో 38-35తో ఓడిన రాత్రి మా బేస్‌మెంట్‌లో ఒక్కరూ మాట్లాడలేదు, పకోడీల పళ్ళెం అలాగే ఉండిపోయింది. ఈసారి వాళ్ళు వరుసగా మూడో కప్పు కోసం వస్తున్నారు, అది ఇంతవరకు ఏ జట్టూ సాధించలేదు. మన జట్టులో సేక్వాన్ బార్క్లీ ఉన్నాడు, బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు, ఆ రోజే అతనికి 28 నిండుతాయి. పిల్లల కోసం కేక్ తెప్పిస్తున్నాను.

హాఫ్‌టైమ్‌లో ర్యాపర్ కెండ్రిక్ లమార్ పాటలు, తోడుగా గాయని సిజా. అప్పుడు వంటింట్లో ఎవరూ ఉండొద్దు, భోజనాలు ముందే కానిచ్చేద్దాం.

పకోడీలు, చికెన్ వింగ్స్ మావి. మిగతావి ఎవరు ఏం తెస్తారో గురువారం రాత్రిలోపు ఇక్కడే రాయండి, ఎంతమంది వస్తున్నారో కూడా.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనీ తీసుకురండి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళితే మళ్ళీ నాలుగు వస్తాయి, ఇంత తెలిస్తే చాలు, మిగతాది నేను పక్కన కూర్చుని చెబుతాను.

మన ఈగల్స్ రంగు, ఆకుపచ్చ బట్టలు మర్చిపోవద్దు. ఫోన్లలో స్కోర్ నోటిఫికేషన్లు ఆపేయండి, టీవీ కంటే ముందే మోగుతాయి. పూర్తయ్యేసరికి పది దాటుతుంది, సోమవారం బడి ఉంది కాబట్టి పిల్లల బ్యాగులు ముందే సర్దేయండి.