బాప్తిస్మం ఇచ్చారు సరే, తరువాత?

సంపాదకులకు,

అయ్యా, పది రోజుల కిందట మీ కడప జిల్లా పేజీలో ఉజ్జీవ కూటాల (విశ్వాసాన్ని రగిలించే క్రైస్తవ సభల) వార్త వచ్చింది. కె.సి. (కర్నూలు-కడప) కాలువలో వందలాది మందికి బాప్తిస్మం, వేదిక మీద శాలువాలు, ప్రసంగీకుడి నిలువెత్తు ఫోటో, అన్నీ ఉన్నాయి. ఆ నీళ్లలో దిగినవారు మొన్న ఆదివారం ఏ సంఘంలో కూర్చున్నారో మాత్రం లేదు. మీరైనా ఏం చేస్తారు, కూటాలు పెట్టినవారికే తెలియనప్పుడు!

మా వీధిలో పూలమ్ముకునే ఒకామె నిరుడు ఇలాగే బాప్తిస్మం తీసుకుంది. మా సంఘానికే వస్తుంది, చెప్పుల పక్కన చివరి వరుసలో కూర్చుంటుంది. పాస్టరుగారు ‘ఎఫెసీయులకు నాలుగో అధ్యాయం’ అనగానే అందరి వేళ్లూ సరైన పేజీ మీదికి పోతాయి. ఆమె ఆదికాండం దగ్గర నుంచి వెతుక్కుంటూ ఉండగానే చదవడం అయిపోతుంది. పక్కనున్నవారు వంగి చూపించరు. కానుక సంచి మాత్రం ఏ వారమూ ఆమెను మరచిపోలేదు. రాబడిలో పదోవంతు ఇచ్చే దశమభాగం సంగతి వెంటనే చెప్పారు, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల అంటే ఏమిటో ఇంకా చెప్పలేదు. ఇదంతా ఒక ఎత్తు. స్వస్థత కూటంలో ఎవరో ‘విశ్వాసం ఉంటే మాత్రలెందుకు’ అన్నారట, షుగరు మాత్రలు మానేసింది. కాలికి పుండు పడ్డాక గానీ సంఘ పెద్దలకు ఆమె ఇల్లు ఎక్కడుందో తెలియలేదు.

మత్తయి సువార్త చివరనున్న ఆజ్ఞలో బాప్తిస్మం ఉంది, బోధించడమూ ఉంది. మనవాళ్లు సగంలో ఆపారు. తొలినాళ్ల సంఘంలో చూడండి: అంతియొకయ పట్టణంలో బర్నబా, సౌలు ఏడాది పొడుగునా సంఘంతో ఉండి నేర్పారు. అపొల్లో అంతటి వక్తను కూడా అకుల, ప్రిస్కిల్ల తమ దగ్గర చేర్చుకొని తెలియనిది చెప్పారు. మన ప్రసంగీకులకు అంత తీరిక ఏది? మర్నాడు ప్రొద్దుటూరులో కూటం!

ఈ జిల్లాకు ఇది తెలియని పని కాదు. లండన్ మిషన్ వారు 1822లోనే కడపకు వచ్చారు. ఆ కాలపు ఉపదేశి, అంటే ఊళ్లో ఉండి వాక్యం నేర్పేవాడు, పగలు పిల్లలకు బడి చెప్పి, రాత్రి పొలాల నుంచి వచ్చిన పెద్దల చేత ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు వల్లె వేయించేవాడు. బైబిల్ స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి, చదువు రాని ఆడవాళ్లకు కీర్తనలు నేర్పేవారు. ఇప్పుడు ఉపదేశి పోయాడు, ఎల్ఈడీ తెర వచ్చింది. సంఘ కమిటీలకు ఎన్నికలు, ఆస్తుల దావాలు చూసుకోవడానికే పొద్దు చాలడం లేదు.

మరొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో బీసీ-సి (వెనుకబడిన తరగతుల్లో ‘సి’ వర్గం) కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తాడు. కాలువలో దిగకముందు ఈ మాట చెప్పే పాస్టర్లు ఎందరు? కొడుకు కాలేజీ సర్టిఫికెట్ కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్లిననాడు తెలుస్తుంది. అక్కడ ఒక గుమాస్తా ఒకటి చెబితే, పక్క బల్ల దగ్గరాయన ఇంకొకటి చెప్పి మళ్లీ సోమవారం రమ్మంటాడు. నాయకులను అడుగుదామంటే వారు డిసెంబరులో సెమీ క్రిస్మస్ కేకు కోసేటప్పుడే కనబడతారు. సమాధుల తోటకు స్థలం అడిగితే ‘చూద్దాం’ అంటారు. ఏళ్లుగా చూస్తూనే ఉన్నారు.

పెద్ద ఖర్చు లేని పని ఒకటుంది. కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబాన్నీ పాత విశ్వాసుల కుటుంబం ఒకటి ఏడాది పాటు చూసుకోవాలి. వారానికొక సాయంత్రం వారింట్లో కూర్చొని వాక్యం చదవాలి, జబ్బు చేస్తే ప్రార్థన చేసి ఆసుపత్రికీ తీసుకుపోవాలి. చదువు రానివారికి ఫోనులో బైబిల్ వినిపించవచ్చు. కూటాలకు వేసే షామియానా అద్దెలో పదోవంతు కూడా కాదు.

మీ విలేకరికి ఒక మనవి. వచ్చే ఏడాది అదే కాలువ గట్టు మీద కూటాలవారు లెక్క చెప్పినప్పుడు, నిరుటివారిలో ఎందరు ప్రభువు బల్లలో పాలుపొందుతున్నారో కూడా అడిగి, ఆ అంకెనూ అచ్చు వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప