నిలబడి మాట్లాడుకునే పది నిమిషాల కోసం

ఎడ్మంటన్, కెనడా
జనవరి 10

ఒరేయ్ సత్యం,

మొన్న నీ ఫోన్ ఎత్తలేదని కోపం వచ్చి ఉంటుంది. ఆ రోజు ఇక్కడ మైనస్ 26. నా చేతులకు రెండు జతల గ్లౌజులు. ఫోన్ బయటికి తీసి రెండు నిమిషాలు పట్టుకున్నానో లేదో, నలభై శాతం ఛార్జింగ్ ఉండి కూడా ఆగిపోయింది. చలికి బ్యాటరీలు అలాగే చేస్తాయి. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నేను చేస్తున్న 'వెచ్చని జాకెట్' ఏంటో చెప్పమన్నావు కదా, మొదటి నుంచి చెప్తా విను.

డిసెంబర్ చివర్లో ఇక్కడ తొమ్మిదింటికి కాస్త ముందు తెల్లారుతుంది, సాయంత్రం నాలుగుంపావుకే పొద్దు గుంకుతుంది. ఈ ఊరి వాళ్ళు చలిని తిట్టుకుంటూ కూర్చోకూడదని 2012లోనే చలికాలం కోసం ఒక విధానం రాసుకున్నారు. బయట కట్టే ప్రతిదీ గాలిని అడ్డుకోవాలి, ఎండను పట్టుకోవాలి, రంగులూ దీపాలూ కళ్ళకు హాయిగా ఉండాలి అని ఆ తర్వాత దాన్ని బట్టి రాసుకున్న డిజైన్ సూచనల్లో చెప్పుకున్నారు. పార్కులకీ వీధులకీ రాసుకున్న ఆ మాటలే మనిషి వేసుకునే కోటుకి ఎందుకు వర్తించవు అనిపించింది నాకు. పని అక్కడ మొదలైంది.

కానీ అసలు కారణం మా పక్కింటి పెద్దమ్మ. కరీంనగర్ ఆవిడ, కొడుకు దగ్గరికి వచ్చారు. అక్టోబర్‌లో రోజూ గుమ్మం ముందు నిలబడేవారు. నవంబర్ మధ్యకొచ్చేసరికి ఇంట్లోంచి బయటికి రావడమే మానేశారు. ఒకరోజు కిటికీ దగ్గర కూర్చుని నాతో అన్నారు: "ఈడ అరుగులు లేవు బిడ్డా. ఎవ్వరితోని మాట్లాడాలె?" ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు రా. మనవాళ్ళ తల్లిదండ్రులు ఎంతమంది ఇక్కడికొచ్చి చలికాలమంతా నాలుగు గోడల మధ్య గడుపుతున్నారో తలుచుకుంటే గుండె బరువెక్కింది.

నడిచేవాడికి చలి అంతగా తెలియదు, ఆగితేనే తెలుస్తుంది. నడుస్తున్నప్పుడు ఒంట్లో పుట్టే వేడి, నిలబడగానే సగానికి పడిపోతుంది. మాట్లాడుకోవాలంటే ఆగాలి కదా. గాలితో కలిపి లెక్కేసిన చలి మైనస్ 28 దాటితే, కప్పుకోని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉందని కెనడా వాతావరణ శాఖ చెప్తుంది. అందుకే ఇరుగుపొరుగు వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా చెయ్యి ఊపి గబగబా వెళ్ళిపోతారు. మన ఆదిలాబాద్‌లో తెల్లారుజామున టైరు ముక్కలూ ఎండుపుల్లలూ వేసి చలి కాగేవాళ్ళం, గుర్తుందా? అక్కడికి వచ్చిన ప్రతివాడూ ఎవరూ పిలవకుండానే ఏదో ఒక కబురు చెప్పేవాడు. మంట వాళ్ళను నిలబెట్టేది.

నా మొదటి ప్రయత్నం తప్పుదారి పట్టింది. గ్లౌజు అంచులో చిన్న మోటార్ పెట్టా. తెలిసినవాళ్ళు దగ్గరికొస్తే, వాళ్ళ ఫోన్ బ్లూటూత్ సిగ్నల్‌ని పట్టుకుని అది వణకాలి. మందపాటి గ్లౌజులో ఆ వణుకు ఎవరికీ తెలియలేదు. పైగా మనిషి ఒళ్ళంతా నీళ్ళే కాబట్టి బ్లూటూత్ సిగ్నల్‌ని ఒళ్ళే మింగేస్తుంది. ఎదురుగా ఉంటే దొరికినవాడు వెనక్కి తిరిగితే మాయం. అదీ కాక, వచ్చిందెవరో చూడాలంటే గ్లౌజు తీసి ఫోన్ ముట్టుకోవాలి. చెయ్యి బయటపెట్టించే వస్తువు చలికాలానికి పనికిరాదు. ఇది అర్థం కావడానికి నాకు చాలా రోజులే పట్టింది.

ఇప్పుడు చేసింది చేతుల్లేని జాకెట్. కోటు లోపల వేసుకోవాలి. చలేస్తే ఒళ్ళు ముందు గుండెనీ లోపలి అవయవాలనీ కాపాడుకుంటుంది, వేళ్ళకు వెళ్ళే రక్తాన్ని తగ్గించేస్తుంది. ఛాతీ, వీపు వెచ్చగా ఉంటే వేళ్ళకు రక్తం బాగా పారుతుంది. అందుకే కరెంటు పారితే వేడెక్కే కార్బన్ దారంతో చేసిన రెండు పట్టీలు, ఒకటి వీపుకి, ఒకటి ఛాతీకి పెట్టాను. రెండూ కలిపి 8 వాట్లు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో దాదాపు 37 వాట్ అవర్ల కరెంటు ఉంటుంది, కొంత వృథా పోగా నాకు మూడున్నర గంటలు వస్తోంది. పవర్ బ్యాంక్ జేబు మాత్రం లోపలి వైపే, ఒంటికి ఆనుకునే ఉండాలి. బయటి నుంచి రాగానే ఛార్జింగ్ పెట్టకూడదని కూడా అందరికీ చెప్తున్నా. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ పాడవుతుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం కాలర్ మీద చిన్న దీపం. పసుపు, నారింజ కలిసిన మంట రంగు. మెడ దగ్గర వేలాడే తాడుకి పెద్ద చెక్కపూస ఉంటుంది, గ్లౌజు చేత్తోనే లాగొచ్చు. లాగితే దీపం వెలుగుతుంది. 'నాకు తీరికుంది, పలకరించండి' అని దాని అర్థం. అరుగు మీద కూర్చున్న మనిషిని చూస్తే మనకు అదే కదా అర్థమయ్యేది! పెద్దమ్మ మాటలోంచే ఆ ఆలోచన వచ్చింది.

తోటివాళ్ళు కొందరు, ఎంతసేపు మాట్లాడారో లెక్కపెట్టి పాయింట్లు ఇద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. పలకరింపుకి మార్కులు వేస్తే అది పలకరింపుగా మిగలదు. ఈ జాకెట్ ఏదీ గుర్తుపెట్టుకోదు, ఎవరికీ ఏదీ పంపదు. ఈ విషయంలో నేను మెత్తబడను.

పోయిన ఆదివారం మైనస్ 14. పెద్దమ్మకు జాకెట్ తొడిగి, పైన కొడుకు కోటు వేసి, ముఖానికి మఫ్లర్ చుట్టి బయటికి తీసుకెళ్ళా. ఆవిడే చెక్కపూస లాగారు. అవతలింటి యుక్రేనియన్ ముసలావిడ మంచు తోస్తూ ఆ దీపం చూసి పార ఆపి వచ్చింది. ఇద్దరికీ కలిపి ఇరవై ఇంగ్లిష్ మాటలు వచ్చి ఉంటాయి. అయినా కంచె దగ్గర ఇరవై రెండు నిమిషాలు నిలబడ్డారు! ఆవిడ లోపలికెళ్ళి ఊరబెట్టిన దోసకాయల సీసా తెచ్చింది. పెద్దమ్మ నాతో మామిడి తొక్కు తెప్పించి ఇచ్చారు. చలికి నేను గంతులేస్తుంటే వాళ్ళిద్దరూ మాత్రం కదల్లేదు.

నెలాఖరులో మిల్ క్రీక్ లోయలో లాంతర్ల పండగ ఉంది. దానికి ఇంకో ఐదు జాకెట్లు కుట్టాలి. ఇక్కడే నీతో పని పడింది. ఒళ్ళు వంచినప్పుడల్లా పట్టీల వైర్లు లైనింగ్‌లో జారి ఒకచోట ముద్దవుతున్నాయి. మీ అమ్మ పాత చీరలతో బొంత కుట్టేటప్పుడు పొరలు కదలకుండా దగ్గరదగ్గరగా వరసలు వేసేది చూడు, సరిగ్గా అలాంటి కుట్టు కావాలి నాకు. అమ్మను ఒక చిన్న గుడ్డముక్క మీద నెమ్మదిగా కుట్టమని చెప్పి వీడియో తీసి పంపు. మూలల దగ్గర సూది ఎలా తిప్పుతుందో కనపడాలి. చేతులు దగ్గరగా కనిపించేలా, పగటి వెలుతురులో తియ్యి.

నీ
రవి