పద్నాలుగు జెర్సీల ఎడ్విన్ జాక్సన్

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్‌లో నీ ట్రాన్స్‌ఫర్ గురించి తెగ బాధపడ్డావు. "అక్కర్లేదనుకునే కదరా తోసేశారు" అన్నావు చూడు, అప్పుడే నాకు ఎడ్విన్ జాక్సన్ గుర్తొచ్చాడు. బేస్‌బాల్ పిచ్చర్. అంటే మన బౌలర్ లాంటివాడే అనుకో.

వీడు పుట్టిందే జర్మనీలో, వాళ్ల నాన్న అమెరికా సైన్యంలో అక్కడ పనిచేస్తుండగా. 2003లో సరిగ్గా తన ఇరవయ్యో పుట్టినరోజున లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ తరఫున మొదటి మ్యాచ్. అవతల పిచ్చర్ ఎవరనుకున్నావ్? రాండీ జాన్సన్! అలాంటి దిగ్గజం మీదే గెలిచాడు. ఇంకేముంది, స్టార్ అయిపోయాడనుకున్నారు. కానీ 2006కల్లా టాంపా బే జట్టుకి పంపేశారు. అక్కణ్ణుంచి డెట్రాయిట్, తర్వాత అరిజోనా. అరిజోనాకి పంపింది మూడు జట్లు ఆటగాళ్లను మార్చుకున్న బేరంలో. అందులో డెట్రాయిట్‌కి దక్కినవాళ్లలో మాక్స్ షెర్జర్ అనే పిచ్చర్ ఒకడు. తర్వాత ఎంత పెద్దవాడయ్యాడో గూగుల్ చేసి చూడు.

నాకు బాగా నచ్చేది 2010 జూన్ 25. పాత జట్టు టాంపా బే మీద, వాళ్ల ఊళ్లోనే ఆట. నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి నడిచిపోతాడు, దాన్నే వాక్ అంటారు. మనవాడు మూడో ఇన్నింగ్స్‌లో ఒక్కణ్ణి కూడా అవుట్ చెయ్యకుండానే మూడు బేసుల్లోనూ అవతలి జట్టువాళ్లను నింపేశాడు. చూసేవాళ్లకి టెన్షన్! అయినా ఒక్క పరుగూ ఇవ్వకుండా బయటపడ్డాడు. మొత్తం ఎనిమిది వాక్‌లు, 149 బంతులు. అన్ని విసరనివ్వడం ఈ రోజుల్లో ఊహించలేం, వందకే చెయ్యి అలిసిందని దింపేస్తారు. చివరికి స్కోరు 1-0, అవతలివాళ్లకి ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా లేదు. నో-హిట్టర్ అంటే అదే. ఇంత చిందరవందర నో-హిట్టర్ నేనైతే ఇంకోటి వినలేదు.

ఆ తర్వాత సరిగ్గా ఐదు వారాలకే అరిజోనావాళ్లు షికాగో వైట్ సాక్స్‌కి ఇచ్చేశారు. నువ్వయితే ఏమైపోయేవాడివిరా?

2011 జూలై 27 ఇంకా విచిత్రం. షికాగో అతన్ని టొరంటోకి ఇచ్చింది, టొరంటో అదే రోజు సెయింట్ లూయిస్‌కి ఇచ్చేసింది. జూలై నెలాఖరులో ఇది మామూలే. కప్పు మీద ఆశ ఉన్న జట్టు కుర్రాళ్లను ఇచ్చి అనుభవమున్నవాణ్ణి తెచ్చుకుంటుంది. ఆ ఏడాది కప్పు కొట్టింది సెయింట్ లూయిసే, గెలిచిన జట్టువాళ్లకిచ్చే ఉంగరం జాక్సన్‌కీ వచ్చింది. అంటే తోసేసినట్టా, కావాలని తెచ్చుకున్నట్టా? నువ్వే చెప్పు.

అలాగని అంతా బాగుందనను. ఐపీఎల్‌లో ట్రేడ్‌కి, అంటే ఇలా జట్టు మార్చడానికి, ఆటగాడు సరేననాలి. అమెరికా బేస్‌బాల్‌లో మామూలుగా అడగరు. పదేళ్లు లీగులో ఉండి, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టుకి ఆడినవాడికి మాత్రం వద్దనే హక్కుంది. వీడు ఎక్కడా మూడు సీజన్లు దాటలేదు. కదలకుండా ఉన్నవాడికే కదలననే హక్కు! ఇదేం న్యాయమో నాకు అర్థం కాదు.

తర్వాత షికాగోలోనే ఉన్న ఇంకో జట్టు కబ్స్‌తో నాలుగేళ్లకు 5.2 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. మొదటి ఏడాదే 18 ఓటములు (బేస్‌బాల్‌లో గెలుపోటములు పిచ్చర్ ఖాతాలో రాస్తారు), మూడో ఏడాది మధ్యలోనే వదిలేశారు. ఆ తర్వాత అట్లాంటా, మయామీ, శాన్ డియాగో, బాల్టిమోర్... 2019 మేలో మళ్లీ టొరంటో, ఈసారి నిజంగానే ఆ జెర్సీ వేసుకుని ఆడాడు. అది పద్నాలుగో జట్టు, కొత్త రికార్డు. అంతకుముందు ఆక్టావియో డోటెల్‌ది పదమూడు. 2025లో రిచ్ హిల్ వచ్చి పద్నాలుగుతో సమం చేశాడు, అదీ నలభై అయిదేళ్ల వయసులో!

మొత్తం లెక్క 107 గెలుపులు, 133 ఓటములు. గొప్ప లెక్కేం కాదు. కానీ పదిహేడు సీజన్లపాటు ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికాకి రజతం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు.

సరేగానీ, కొత్త ఊళ్లో ఇల్లు దొరికిందా? పిల్లల స్కూలు సంగతేంటి? వివరంగా రాయి.

నీ,
రవి