2024 వార్షిక నివేదిక: నీళ్లు, మురుగు, ఇళ్ల అడుగు భాగాలు

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది బోర్డు సమయంలో ఎక్కువ భాగం నేల కింది పనులకే పోయింది. నివేదికలోనూ వాటికే ఎక్కువ చోటిచ్చాం.

కొత్తగా చేరిన కుటుంబాల కోసం ముందు రెండు మాటలు. మనది మాన్యుఫాక్చర్డ్ ఇళ్ల పార్కు, అంటే ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి నిలిపిన ఇళ్ల కాలనీ. ఇక్కడ ఎవరి ఇల్లు వారిదే. నేల, రోడ్లు, బోరు, పైపులు, సెప్టిక్ మాత్రం సంఘానివి, అంటే అందరివీ. ఇంటికి ఒక వాటా, వాటాకు ఒక ఓటు. ఇల్లు అమ్మి వెళ్లేటప్పుడు వాటా సొమ్ము కట్టినంతే తిరిగొస్తుంది, దానిమీద లాభం ఉండదు. అమెరికాలోని మన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఇళ్లవాళ్లే కలిసి పార్కు నేలను కొనుక్కోవడం 1984లో మెరెడిత్ ఊరిలో 13 కుటుంబాలతో మొదలైంది. పార్కు అమ్మదలచిన యజమాని అద్దెదారులకు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఈ రాష్ట్ర చట్టం చెబుతుంది. మనలాంటి సంఘాలు డబ్బు కూడగట్టుకోవడానికి దొరికే వ్యవధి అదే. నేల మనదయ్యాక పైపు పగిలితే తవ్వించాల్సిందీ, బిల్లు కట్టాల్సిందీ మనమే.

నీటి నష్టం

వేసవి చివర మాస్టర్ మీటరు (పార్కు మొత్తానికి వెళ్లే నీటిని కొలిచేది) లెక్క నెలనెలా పెరుగుతూ వచ్చింది. కారణం వాడకమా, లీకా అన్నది తేల్చాలంటే రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య మీటరు చూడాలి. అందరూ నిద్రపోయే ఆ వేళ ముల్లు దాదాపు నిలిచిపోవాలి. మన మీటరు నిమిషానికి 5 గ్యాలన్ల చొప్పున తిరుగుతోంది. వినడానికి చిన్న అంకే, కానీ రోజుకు 7,200 గ్యాలన్లు. అంత నీటినీ మోటారు తోడుతోంది, నేల తాగేస్తోంది.

వీధి వీధికీ నీళ్లు ఆపడానికి ఉన్న గేట్ వాల్వులు ఒక్కొక్కటే మూస్తూ, ఏది మూసినప్పుడు ముల్లు ఆగుతుందో చూశాం. ఇక్కడే మొదటి అడ్డంకి వచ్చింది. రెండు వాల్వులు కదల్లేదు. ఏళ్ల తరబడి తిప్పకపోతే లోపల తుప్పూ సున్నమూ పేరుకుంటాయి. బలం పెట్టి తిప్పితే కాడ విరుగుతుంది. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి తిప్పుతూ వదులు చేయాలి. ఒకటి అలా లొంగింది, రెండోదాన్ని మార్చాల్సి వచ్చింది. ఇకమీదట ప్రతి వాల్వునూ ఏడాదికోసారి పూర్తిగా మూసి తెరుస్తాం, ఎన్ని చుట్లు తిరిగిందో పుస్తకంలో రాస్తాం. చుట్లు తగ్గాయంటే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట.

లీకు రోడ్డు కింది జాయింటు దగ్గర దొరికింది. ఇది అనుకోకుండా జరిగింది కాదు. మంచు దుప్పటి కప్పుకున్న పెరట్లో నేల అంత లోతుగా గడ్డకట్టదు. మంచు తీసేసిన రోడ్డు కింద చలి ఇంకా లోతుకు దిగుతుంది. ఇక్కడ పైపులు 4 అడుగుల కన్నా తక్కువ లోతులో ఉంటే ప్రమాదమే, రోడ్డు కింద ఆ లోతు కూడా చాలకపోవచ్చు. కొత్త ముక్క వేసి, దానిపై 2 అంగుళాల గట్టి ఫోం పలక పరిచి పూడ్చాం.

చలికాలంలో కుళాయిలు వదలడం

ఈ సంగతి ప్రతి ఇంటికీ చేరాలి. పైపు గడ్డకడుతుందన్న భయంతో రాత్రీ పగలూ కుళాయి సన్నధారగా వదిలేస్తున్నారు. నిమిషానికి అర గ్యాలనే అనుకున్నా రోజుకు 720 గ్యాలన్లు. ఇరవై ఇళ్లు అదే పని చేస్తే 14,400. బోరు అంత నీళ్లివ్వాలి, ఆ నీళ్లన్నీ సెప్టిక్‌లోకే పోవాలి. లీచ్ ఫీల్డు (సెప్టిక్ నుంచి వచ్చే నీరు ఇంకే నేల) మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే ఇంకించుకునే గుణం పోతుంది. దాన్ని మళ్లీ కట్టించడం మన ఖర్చుల్లోకెల్లా పెద్దది.

దీనికి మందు హీట్ టేపు, అంటే కరెంటుతో వేడెక్కే పట్టీ. నేలలోంచి ఇంటి అడుగుకు ఎక్కే నీటి పైపుకు దాన్ని చుడతారు. మాన్యుఫాక్చర్డ్ ఇళ్లకు పనికొస్తుందని ముద్ర ఉన్నదే కొనండి. సాధారణ రకం టేపు తన మీద తాను పడేలా చుడితే ఆ చోట వేడెక్కి కాలిపోతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. థర్మోస్టాటు పైపును ఆనుకుని ఉండాలి, గాలిలో వేలాడకూడదు. దానిపై కంపెనీ చెప్పిన ఇన్సులేషనే (చలిని ఆపే పొర) వేయాలి. అక్టోబరులో ఒకసారి ప్లగ్గు పెట్టి చూసుకోండి. ఇంటి అడుగున ఉండే జీఎఫ్‌సీఐ ప్లగ్గు (కరెంటు లీకైతే దానంతటదే ఆగిపోయేది) ట్రిప్పయి పడి ఉండటం, దాన్ని ఎవరూ గమనించకపోవడం పైపులు గడ్డకట్టడానికి మనకు ఎదురయ్యే మామూలు కారణం. టేపు మీ ఖర్చు, తనిఖీలో సాయం బోర్డు చేస్తుంది.

ఇంటి అడుగు, దిమ్మెలు

మార్చి, ఏప్రిల్‌లో నేల కరుగుతూ కొన్నిచోట్ల లేస్తుంది, కొన్నిచోట్ల దిగుతుంది. ఇంటిని మోసే సిమెంటు బ్లాకుల దిమ్మెలు దాంతోపాటే కదులుతాయి. తలుపు బిగుసుకోవడం, కిటికీ మూలనుంచి గోడ చీలడం, డబుల్-వైడ్ ఇళ్లలో రెండు సగాలు కలిసే గీత వెంబడి నేల ఎత్తుపల్లాలవడం దాని ఆనవాళ్లు. రసమట్టంతో చూసుకుని, ఈ పని తెలిసిన వారిచేతే జాకీలు పెట్టించండి. ఒక దిమ్మెనే ఒక్కసారిగా ఎత్తితే చట్రం మెలిపడి, పైన తలుపుల చట్రాలూ గోడలూ చీలతాయి.

స్కర్టింగు (ఇంటి అడుగు చుట్టూ కట్టే పలకలు) తీసి చూసిన ఇళ్లలో ఎక్కువగా కనిపించింది అడుగు పొర, అంటే ఇన్సులేషన్‌ను కింద నుంచి పట్టి ఉంచే పొర, చినుగు. ప్లంబరు పైపు బాగుచేసి పొరను అలాగే వదిలేస్తాడు, ఇన్సులేషన్ కిందికి జారుతుంది, చలికి మళ్లీ అదే పైపు గడ్డకడుతుంది. అతుకు టేపుతో అదే రోజు మూయించండి. నేలపై 6 మిల్లుల (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం ప్లాస్టిక్ షీటు పరిచి ఉండాలి. షీటు లేకపోతే స్కర్టింగులో ప్రతి 150 చదరపు అడుగుల ఇంటికి ఒక చదరపు అడుగు గాలి రంధ్రం కావాలి. షీటు నిండుగా ఉంటే 1,500కు ఒకటి సరిపోతుంది. బట్టల డ్రైయరు గొట్టం స్కర్టింగు దాటి బయటికి రావాలి. లోపల వదిలితే ఆ తేమ అంతా చట్రం మీదా, నేల చెక్క మీదా చేరుతుంది.

నీటి నాణ్యత

15 కనెక్షన్లకు మించి ఉంది కాబట్టి చట్టం దృష్టిలో మనది ప్రజా నీటి వ్యవస్థ. నెలనెలా కోలిఫాం బ్యాక్టీరియా పరీక్ష చేయించాం. విషపదార్థమైన ఆర్సెనిక్ పరిమితి ఈ రాష్ట్రంలో 2021 నుంచి లీటరుకు 5 మైక్రోగ్రాములు, దేశ పరిమితి 10. రాతి నేలల బోర్లలో ఆర్సెనిక్ సహజంగా ఉంటుంది గనక ఈ పరీక్ష విషయంలో బోర్డు రాజీపడదు. సీసం పైపుల జాబితాను 2024 అక్టోబరు 16 గడువులోపు పంపించాం. ఏడాది నీటి నివేదిక ప్రతి ఇంటికీ జూలై 1లోపు అందుతుంది.

సెప్టిక్, రోడ్లు

ట్యాంకులో అడుగు బురద, పై తెట్టు కలిపి మూడో వంతు దాటితే తోడించాలి. ఈసారి తోడించినప్పుడు దొరికిన వాటిలో తడి తుడుపు గుడ్డలే ఎక్కువ. ప్యాకెట్ మీద ఏమి రాసి ఉన్నా వాటిని టాయిలెట్‌లో వేయకండి. వంట నూనె సింకులో పోయకండి. లీచ్ ఫీల్డు మీద కార్లు, ట్రక్కులు నడపవద్దు. రోడ్ల గుంతలు పూడ్చాం, మంచు తీసే ఒప్పందం పొడిగించాం.

ఓటింగు

ఇల్లు అమ్మదలచినవారు కొనేవారితో ధర మాట్లాడుకునే ముందే బోర్డుకు చెప్పండి. కొత్తవారి సభ్యత్వ దరఖాస్తుకు సమయం పడుతుంది. 1976 జూన్ 15కు ముందు తయారైన ఇంటికి హెచ్‌యూడీ (అమెరికా గృహనిర్మాణ శాఖ) ప్రమాణాలకు తగ్గట్టు కట్టారని చెప్పే ఎర్ర పలక ఉండదు. దానికి బ్యాంకు రుణం దొరకడం కష్టమని కొనేవారికి ముందే చెప్పడం న్యాయం.

వార్షిక సమావేశంలో రెండు తీర్మానాలు ఓటుకు వస్తాయి. మొదటిది, పాత గేట్ వాల్వులు మార్చడానికి రిజర్వు నిధి నుంచి సొమ్ము తీయడం. రెండోది, ఆ నిధి మళ్లీ నిండేందుకు లాట్ రెంటులో (ఇంటి స్థలానికి కట్టే అద్దెలో) కొంత పెంపు. మొదటిది వద్దంటే రెండోది అక్కర్లేదు, కానీ తిరగని వాల్వు ఉన్నంతకాలం ఒక వీధిలో పైపు పగిలితే పార్కు అంతటికీ నీళ్లు ఆపాల్సిందే. కోరం (కావలసిన కనీస హాజరు) లేకపోతే ఏ తీర్మానమూ నిలవదు, కాబట్టి ప్రతి ఇంటి నుంచీ ఒకరు తప్పక రండి.

— బోర్డు