శాలువాల ఫొటో వేశారు, పాడిన పిల్లలేరీ?

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బజారులో చిన్న కిరాణా కొట్టు ఉంది, మా అమ్మాయి ఇక్కడి తెలుగు బడిలో ఏడో తరగతి. కిందటేడు మా బడి సంగీత వాయిద్యాల కోసం డబ్బు పోగుచేసిన కార్యక్రమం ఫొటో మీ జిల్లా పేజీలో వేశారు. సంతోషమే. కానీ అందులో శాలువాలు కప్పినవాళ్ళు, కప్పించుకున్నవాళ్ళు కలిపి తొమ్మిది మంది ఉన్నారు, బడి పిల్ల ఒక్కతీ లేదు. ఈ ఏడు ఆగస్టు 29న మేం మళ్ళీ చేశాం, ఇంకో రకంగా. దానికి మీవాళ్ళెవరూ రాలేదు, అందుకే నేనే రాస్తున్నా.

అసలు డబ్బెందుకంటే, మా బడిలో ఒక హార్మోనియం, ఒక మృదంగం ఉన్నాయి, ఉన్నాయంటే ఉన్నాయి అంతే. హార్మోనియం తిత్తిని ఎలుకలు కొరికేశాయి, రీడ్లు తుప్పు పట్టాయి, సగం మెట్లు నొక్కితే గాలి తప్ప స్వరం రాదు. మృదంగం మూత పగిలి బీరువా మీద ఎక్కి కూర్చుంది. సంగీతం మాస్టారు పోస్టే లేదు. మాలాంటి భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పే వసతి ఉండాలని రాజ్యాంగం 350ఏ అధికరణం అంటుంది గానీ, హార్మోనియం తిత్తి సంగతి అందులో ఎక్కడా లేదు కదా.

కిందటేడు ఏం చేశారంటే, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా అరవై మంది పిల్లలకి తలా ఒక కూపన్ పుస్తకం ఇచ్చారు. ఒక్కో కూపన్ 50 రూపాయలు, పుస్తకానికి 20. అంటే ఒక్కో పిల్ల వెయ్యి రూపాయలు తేవాలన్నమాట. వినాయక చవితికి, దసరాకి, రథయాత్రకి, క్రికెట్ పోటీలకి, మా కొట్టుకి చందాలేమీ కొత్త కాదు, "మొన్ననే ఇచ్చాను బాబూ" అని పెద్దవాళ్ళని పంపేయడం నాకు బాగా అలవాటు. కానీ యూనిఫాంలో పదకొండేళ్ళ పిల్ల వచ్చి "బాబాయ్, ఒక్కటి తీసుకోవా" అని నిలబడితే ఏం చెప్తాం? ఒక్క సాయంత్రం ఏడుగురు వచ్చారు. నలుగురి దగ్గర తీసుకున్నాను, మిగతా ముగ్గురి మొహాలు ఇప్పటికీ గుర్తే. మా అమ్మాయి పుస్తకంలో ఆరు చుట్టాలకి అంటగట్టి, మిగిలిన 14 కూపన్ల డబ్బు 700 నా గల్లాపెట్టెలోంచి తీసి కట్టేశాను, మా ఆవిడకి చెప్పకుండా.

నాకు గల్లాపెట్టె ఉంది కాబట్టి సరిపోయింది. మా అమ్మాయి క్లాసులో ఒక కుర్రాడున్నాడు, నాన్న బస్తాలు మోస్తాడు, వాడు మూడే అమ్మాడు. ఎవరెన్ని అమ్మారో క్లాసులో పేర్లు పిలిచి చదివారట. పది రోజులు వాడు బడికే రాలేదు. తమాషా ఏంటంటే ఆ క్లాసులో తాళం తెలిసినవాడు వాడొక్కడే, బెంచీ మీద వేళ్ళతో వాయిస్తే పక్క క్లాసు పిల్లలు తొంగిచూస్తారు. వాళ్ళమ్మ మా కొట్లో అప్పుమీద పప్పు తీసుకెళ్తూ "పాటకి ఇంత ఖర్చవుద్దా అన్నా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

సరే, 41,000 వసూలైంది. అందులో బయటి ఊరి ఆర్కెస్ట్రాకి 18,000, మైకులూ లైట్లకి 9,000, షామియానా కుర్చీలకి 5,000, శాలువాలకీ జ్ఞాపికలకీ 3,500, అతిథుల భోజనాలకి 2,000. మిగిలింది 3,500. సినిమా పాటలు రాత్రి పదకొండు దాకా మోగాయి, మా పిల్లలకి మొదట్లో ప్రార్థన పాడడానికి అయిదు నిమిషాలిచ్చారు. తప్పు ఎవరిదో అని గొడవ పెట్టుకునే ఉద్దేశం నాకు లేదు, కమిటీలో నేనూ ఉన్నాను, తల ఊపినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఈ ఏడు పక్కనే పాతపట్నంలో ఉండే ఒక టీచరమ్మని అడిగాం. ఆవిడ విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నారు. 1919లో పెట్టిన ఆ కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. అక్కడి చదువు కాబట్టే కాబోలు, మా లెక్కలన్నీ విని "హరికథలో ఏం చేస్తారయ్యా? కథ అయ్యాక హారతి పళ్ళెం తిప్పుతారు. కథ ముందు, పళ్ళెం తర్వాత" అన్నారు. ఇంత చిన్న విషయం మాకు తట్టలేదు చూడండి. పిల్లలు పాడతారు, పళ్ళెం పెద్దవాళ్ళు తిప్పుతారు, పిల్లలెవరూ ఎవరినీ ఒక్క రూపాయి అడగకూడదు అని అప్పుడే ఒప్పుకున్నాం.

మైకులో చదివింపులు కూడా వద్దన్నాం. దీనికి గొడవైంది. ఒక పెద్దమనిషి 1,116 ఇస్తాను, పేరు చదవండి అన్నాడు. చదవం అంటే అలిగి 500 ఇచ్చాడు. నాకైతే ఆ 616 పోయినందుకు బాధ లేదు, పేరు చదివితే పది రూపాయలు వేద్దామనుకున్నవాళ్ళు చెయ్యి వెనక్కి తీసుకుంటారు. గేటు దగ్గర క్యూఆర్ కోడ్ అంటించాం, అది బడి ఖాతాదే, కమిటీలో ఎవరి సొంత నంబరూ కాదు.

తారీకు కావాలనే పెట్టాం, గిడుగు రామమూర్తి గారు పుట్టిన రోజు. ఆయన మా ఊళ్ళోనే పంతులుగా పనిచేశారు, కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టారు. కూపన్లు అమ్మించినట్టు మాత్రం నేనెక్కడా చదవలేదు.

ఆ రోజు వాన. బడి వరండాకి టార్పాలిన్ కట్టాం, మైకు రామమందిరం వాళ్ళు ఊరికే ఇచ్చారు. పిల్లలు రెండు భజనలు పాడారు, ఒక ఒడియా పాట, ఒడిశా రాష్ట్ర గీతం పాడారు, కొండ మీది ఊరి సవర పిల్ల వాళ్ళ భాషలో నాట్ల పాట పాడింది. అన్నిటికంటే తప్పెటగుళ్ళు, రొమ్ముకి తప్పెట కట్టుకుని వాయిస్తూ చిందేసే ఆట. అసలు తప్పెట్లు ఎక్కడ తెస్తాం, మా కొట్లో ఖాళీ నూనె డబ్బాల మూతలు కోసి అంచులు మడిచి పిల్లల రొమ్ములకి కట్టాం. బెంచీ వాయించే కుర్రాడే ముందు నిలబడ్డాడు. వాడు దెబ్బ వేస్తుంటే వాన చప్పుడు కూడా వినపడలేదు, నిజం. పళ్ళెం వచ్చినప్పుడు వాళ్ళమ్మ కొంగుముడి విప్పి 20 రూపాయలు వేసింది.

మొత్తం 16,780 వచ్చింది, టీలకీ టార్పాలిన్ అద్దెకీ 640 పోయింది. హార్మోనియం బరంపురం పంపి బాగుచేయించడానికి 4,200, మృదంగం మూతలకి 2,600, శ్రుతిపెట్టెకి 3,000. మిగిలిన 6,340లో పిల్లలకి సంగీతం నేర్పడానికి టీచరమ్మకి నెలకి 1,500 చొప్పున నాలుగు నెలలు. లెక్కంతా బడి గోడ మీద రాసి పెట్టాం, ఎవరైనా చూసుకోవచ్చు.

ఇబ్బంది ఆ నాలుగు నెలల తర్వాతే. వస్తువుకైతే జనం ఇస్తారు, "ఫలానావారి జ్ఞాపకార్థం" అని పెయింటు వేయించుకోవచ్చు కదా. మనిషి జీతం మీద పేరెక్కడ రాయించుకుంటారు? ఎవరూ రారు. నెలకి వంద ఇచ్చే పదిహేను మంది దొరికితే చాలని తిరుగుతున్నాం, ఇప్పటికి తొమ్మిది మంది అయ్యారు, ఆ అలిగిన పెద్దమనిషి కూడా అందులో ఉన్నాడు.

గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు బళ్ళవాళ్ళు మీ పత్రిక చదువుతారు కాబట్టి అడుగుతున్నాను, పిల్లల చేతికి కూపన్ పుస్తకాలు ఇవ్వకండి. మీరు కూడా వచ్చే ఏడు ఫొటోగ్రాఫర్ని పంపండి, శాలువాలు ఉండవు.

కిందటేటి అమ్ముడుపోని కూపన్లు ఒక అట్టపెట్టెడు మా కొట్లోనే పడి ఉన్నాయి. వెనక వైపు ఖాళీయే కదా, అప్పు లెక్కలు రాసుకోవడానికి వాడుతున్నాను.

ఇట్లు,
ఒక కిరాణా కొట్టు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా